కరుణమ్మ గారి థాంక్యూ

తొమ్మిదేళ్ల నుంచి ఒక థాంక్యూ నా గుండెల మీద కూర్చుని ఉంది. అది నాకు రావలసింది కాదు. తిరిగి ఇచ్చేద్దామంటే ఎలా ఇవ్వాలో తెలీలేదు, ఉంచుకుందామంటే మింగుడు పడలేదు. అంత చిన్న మాటకి ఇంత బరువేమిటని మీకు నవ్వు రావచ్చు. మొదట్లో నాకూ అలాగే అనిపించింది. నాలుగు రోజులు పోతే అదే పోతుందిలే అనుకున్నాను. పోలేదు.

మీరెవరో నాకు తెలీదు. తెలీకపోవడమే నయం. తెలిసినవాళ్లయితే సగంలోనే ఆపి, "అబ్బే, అదేమంత పెద్ద తప్పండీ" అంటారు. ఆ మాట వినడం ఇష్టం లేకే మీ దగ్గరికొచ్చాను. మా ఆయనకి కూడా ఇంతవరకూ చెప్పలేదు. ఆయన మంచి మనిషి. తప్పకుండా అదే మాట అంటారు.

నేను ఇంగ్లీషు టీచర్ని. మండపేటకి దగ్గర్లో ఒక పాత మిషన్ స్కూల్లో ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్నాను. స్కూలు పేరు చెప్పను, నా పేరూ చెప్పను, ఏమనుకోకండి. ఇన్నేళ్లలో నేను ఎక్కువగా నేర్పింది గ్రామర్ కాదు, థాంక్స్ చెప్పడం. ప్రతి ఏడూ బడి తెరవగానే బోర్డు మీద వరసగా రాసేదాన్ని. థాంక్యూ. థాంక్యూ సో మచ్. ఐయామ్ గ్రేట్‌ఫుల్ టు యూ. ఐ కుడ్ నాట్ హావ్ డన్ ఇట్ వితవుట్ యూ. ఏది ఎప్పుడనాలో, ఎవరితో అనాలో చెప్పి, క్లాసంతటి చేతా గొంతెత్తి అనిపించేదాన్ని. పిల్లలు ఇంటికెళ్లి, మంచినీళ్లిచ్చిన తల్లికి థాంక్యూ అనేవాళ్లు. ఆ తల్లులు మర్నాడు బజార్లో నన్ను పట్టుకుని, "ఏంటండీ టీచరుగారూ, మావాడు నన్ను పరాయిదాన్ని చేసేశాడు!" అని నవ్వేవాళ్లు. వాళ్లన్నదీ నిజమే. మన ఇళ్లలో ఆ మాట వాడుక లేదు. అన్నం పెట్టినవాళ్లకీ, జ్వరమొస్తే పక్కన కూర్చున్నవాళ్లకీ ఎవరు థాంక్స్ చెబుతారు? అంత ఇంగ్లీషు నేర్పిన నేనే, అప్పటికి మా ఆయనకి ఆ మాట ఒక్కసారీ అని ఎరగను.

మా స్కూల్లో ఒక ఆచారం ఉంది. దొరల కాలం నుంచీ వస్తోందంటారు. ఎవరైనా రిటైరైతే శాలువా, దండ, జ్ఞాపిక, ఉపన్యాసాలు అన్నీ అయ్యాక అందరికీ చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం ఇస్తారు. అప్పుడు ఇంగ్లీషు టీచరు లేచి, ఆ మనిషి గురించి ఇంగ్లీషులో నాలుగు మంచి మాటలు చెప్పి, టోస్ట్ అంటుంది. అందరూ గ్లాసులెత్తి చీర్స్ చెప్పి తాగుతారు. ఆ తర్వాత రిటైరైనవాళ్లు ఇంగ్లీషులోనే రిప్లై చెప్పాలి. రానురాను ఆ రిప్లై 'థాంక్యూ వన్ అండ్ ఆల్' దగ్గర ఆగిపోయింది. ఆ ముక్క అనేసి కూర్చుంటారు, జనం భోజనాలకి లేస్తారు. మా సోషల్ మాస్టారైతే గ్లాసు చేతికి రాగానే, "సరుకు యానాందేనాండీ?" అని, అదేదో యానాం మందైనట్టు, ప్రతిసారీ అదే జోకు వేసేవారు. ద్రాక్షపళ్లు పంచదార వేసి మరిగించి గుడ్డలో వడకట్టిన రసం అది. ఎవరి రిటైర్మెంటుకైనా దాన్ని చేసి తెచ్చేది కరుణమ్మ గారే.

కరుణమ్మ గారు మా కుట్టు టీచరు. నాకన్నా పెద్దావిడ. బక్కపలచని మనిషి, గొంతు పెద్దగా లేచేది కాదు. స్టాఫ్ రూములో ఓ మూల కూర్చుని, నవ్వు వస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. ఆవిడ భర్త రాజారత్నం గారు రైసు మిల్లులో ఫిట్టరు. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి వేడి వేడి క్యారేజీతో సైకిలు మీద గేటు దగ్గరుండేవారు. వాన కానీ, వరద కానీ, ఆ మనిషి రాని రోజు లేదు. లోపలికి రమ్మంటే వచ్చేవారు కాదు. "మిల్లు బట్టలండీ, నూనె మరకలు" అని గేటు దగ్గర్నుంచే క్యారేజీ అందించి వెళ్లిపోయేవారు. మేమంతా ఆవిడని ఏడిపించేవాళ్లం. ఆవిడ ఎర్రబడిపోయి క్యారేజీ విప్పుకునేది.

రిటైర్మెంటుకి నెల ముందనుకుంటాను, ఆవిడ నా దగ్గరికొచ్చింది. కుట్టుగదిలో మిషన్ల మధ్య నిలబడి, చీర అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, తనకి రిప్లై నేర్పమంది. థాంక్యూ వన్ అండ్ ఆల్ చాలదా అన్నాను. చాలదంది. అందులో మా ఆయనకి థాంక్స్ చెప్పాలండీ, అంది. నాకు నవ్వొచ్చింది. ఆయనకి ఇంగ్లీషు రాదు కదండీ అన్నాను. రాదనే కదండీ, అంది.

ఆవిడ లెక్క అది. తెలుగులో అంటే ఆయన అక్కడే సిగ్గుతో చచ్చిపోతారు, తనకీ నోరు పెగలదు. ఇంగ్లీషులో అయితే తను అనేస్తుంది, అందరూ వింటారు. ఆయనకి ఆ క్షణం అర్థం కాదు. భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఆయన భుజం తట్టి, మీ ఆవిడ ఇలా అందండీ అని చెబుతారు. అలా చుట్టు తిరిగి చేరితే ఇద్దరికీ బతుకు. "దేవుడికి రోజూ స్తోత్రం చెప్తాం కదండీ, మనిషికి చెప్పడానికే నోరు రాదు" అంది. ముప్ఫై మూడేళ్ల కాపురంలో ఆయనకి ఒక్కసారైనా ఆ మాట చెప్పాలని, అది అందరి ముందూ చెప్పాలని ఆవిడ కోరిక. ఇంకేమీ అడగలేదు. శాలువా రంగు కూడా అడగలేదు.

దేనికి థాంక్స్ అని నేను అడిగాను. రిప్లైలో ఏదో ఒక కారణం ఉండాలి కదా. క్యారేజీ గురించి చెబుతుందనుకున్నాను. ఆవిడ బీరువా తెరిచి పాత సబ్బుపెట్టె ఒకటి తీసింది. లోపల స్పాంజి ముక్క. దానిమీద ముప్ఫై సూదులు, అన్నిటికీ దారాలు ఎక్కించి, రంగుల వారీగా వరసలు. ఎడమవైపు ఎరుపు, తర్వాత పసుపు, తర్వాత ఆకుపచ్చ, అలా. షుగర్ వల్ల ఆవిడ చూపు ఎనిమిదేళ్ల క్రితమే మందగించిందట. సూది బెజ్జం కనిపించదు. పిల్లల చేత ఎక్కించుకుంటే సంగతి బయటపడుతుంది, సూది ఎక్కించలేని మనిషి కుట్టు టీచరేమిటని ఎవరైనా అంటే తట్టుకోలేదు. అందుకని రాజారత్నం గారు రోజూ మిల్లు నుంచి రాగానే చేతుల నూనె సబ్బుతో కడుక్కుని, వసారాలో కూర్చుని, మర్నాటి క్లాసుకి ముప్ఫై సూదులూ ఎక్కించి పెట్టేవారు. వరస చెప్పేది ఆవిడ, గుచ్చేది ఆయన. ఎనిమిదేళ్లు, ఒక్క పూటా తప్పకుండా.

ఎనిమిదేళ్లు నేను ఆ పక్క గదిలోనే పాఠం చెప్పాను. నాకే తెలీదు.

మూడు వారాలు నేర్పాను. ఖాళీ పీరియడ్లో, క్యారేజీలు కడుక్కున్నాక. ఆవిడకి కష్టమే అయింది, 'థ్రెడెడ్' అనే మాట దగ్గర నాలుక తిరిగేది కాదు. నేనూ ఓర్పుగల మనిషినేం కాదు, రెండుసార్లు కసిరాను. ఆవిడ ఏమీ అనుకునేది కాదు, మళ్లీ మొదలుపెట్టేది. భర్త పేరు చెప్పమంటే మాత్రం చచ్చినా చెప్పనంది. సరే మీ ఇష్టం అన్నాను.

సభ రేపనగా ఆఖరుసారి అప్పజెప్పించుకున్నాను. ఆవిడ మిషన్ల ముందు నిలబడింది. ఆయన అక్కడ కూర్చున్నట్టు, గది చివర కిటికీ వైపు చెయ్యి చూపించింది. "మై హస్బెండ్ ఈజ్ సిట్టింగ్ దేర్. హి డజ్ నాట్ నో ఇంగ్లీష్. ఫర్ ఎయిట్ యియర్స్ హి థ్రెడెడ్ ఆల్ మై నీడిల్స్." అక్కడ ఆగి, ఊపిరి పీల్చుకుని, "థాంక్యూ, ఏవండీ" అంది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నిజం, నమ్మండి. కానీ ఆ నీళ్లు తుడుచుకునేలోపే ఇంకోటి వచ్చింది. దానికి ఇప్పటికీ సరైన పేరు పెట్టలేకపోతున్నాను. నా పర్సులో నా టోస్ట్ కాగితం ఉంది. పది రోజులు పుస్తకాలు తిరగేసి రాసుకున్నది. మంచి మంచి మాటలే, ఎవరికైనా సరిపోయేవి. రేపు నేను అది చదివి కూర్చున్నాక ఈవిడ లేచి ఈ నాలుగు ముక్కలూ అంటుంది. ఇక నా టోస్ట్ ఎవరికి గుర్తుంటుంది? నా ఇరవై ఏళ్ల ఇంగ్లీషు, కరుణమ్మ గారి నాలుగు ముక్కల ముందు కడుగునీళ్లయిపోతుంది. ఇంత నీచంగా ఆలోచించానా అంటే, ఆలోచించాను. అంత సేపు కూడా పట్టలేదు. ఆవిడ నీళ్ల బాటిలు మూత పెట్టుకునేలోపు నిర్ణయం అయిపోయింది.

మర్నాడు పొద్దున, సభకి గంట ముందు, ద్రాక్షరసం క్యాను దింపుతున్న ఆవిడ దగ్గరికి వెళ్లాను. తన రిటైర్మెంటుకి కూడా తనే చేసి తెచ్చుకుంది. ప్రోగ్రామ్ అంతా నా చేతిలోనే ఉంది, మైకూ నాదే.

"కరుణమ్మ గారూ, రిప్లై ఉండదటండీ. కరస్పాండెంట్ గారు రాజమండ్రి వెళ్లాలట. టైం లేదు, టోస్ట్‌తో ముగించెయ్యమని హెచ్చెమ్ గారన్నారు" అన్నాను.

ఆవిడ క్యాను మూత పట్టుకుని అలాగే ఉండిపోయింది. "రెండు నిమిషాలేనండీ" అంది.

"నేను అడిగి చూశానండీ. వద్దన్నారు."

"పోన్లెండి. పెద్దవాళ్లు వద్దన్నాక మనమేం చేస్తాం" అంది. ఆ తర్వాత నన్నే ఓదార్చింది. "మీరేం బాధపడకండి. మీకు శ్రమిచ్చాను, పాపం."

హెచ్చెమ్ గారు ఏమీ అనలేదు. ఆయనకి ఈ సంగతే తెలీదు.

సభ బాగా జరిగింది. సన్మానం అయ్యాక ఆవిడ తెలుగులో మాట్లాడింది. దేవుడికీ, హెచ్చెమ్ గారికీ, సాటి టీచర్లకీ, పిల్లలకీ కృతజ్ఞతలంది. రాజారత్నం గారి వైపు ఒకసారి చూసింది. నోరు తెరిచింది. మూసేసుకుంది. తెలుగులో తన వల్ల కాదని ఆవిడ ముందే చెప్పింది కదా. వచ్చి కూర్చుంది.

గ్లాసులు పంచారు. నేను లేచాను. కాగితం తీశాను. ఇక్కడి దాకా చేసింది చాలనుకుంటున్నారా? ఇంకా ఉంది. ఆ కాగితం వైపు చూస్తే అందులో మాటలన్నీ చప్పగా, పాచిపోయినట్టు కనిపించాయి. నిన్న కుట్టుగదిలో విన్నదే చెవుల్లో ఉంది. కాగితం మడిచేశాను. మైకు దగ్గరికి జరిగి, "బిహైండ్ ఎవ్రీ ఫైన్ స్టిచ్, దేరీజ్ సమ్‌వన్ హూ థ్రెడెడ్ ద నీడిల్. లెటజ్ రైజ్ అవర్ గ్లాసెస్ టు దట్ సమ్‌వన్" అన్నాను. అందమైన ప్రతి కుట్టు వెనకాలా సూదిలో దారం ఎక్కించినవాళ్లు ఒకరుంటారు, వాళ్ల కోసం గ్లాసులెత్తుదాం అని. అప్పటికప్పుడు వచ్చేసింది. నా నాలుక ఎంత బాగా తిరిగిందో!

హాలంతా చప్పట్లు. ముఖ్య అతిథి, రిటైరైన కాలేజీ లెక్చరరు, వాటే టోస్ట్, వాటే టోస్ట్ అంటూ లేచి నిలబడ్డారు. అందరికీ అదొక కవిత్వంలా వినబడింది. సూదంటే జీవితమనీ, దారమంటే గురువనీ ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకున్నారు. ఆ సందడిలో రిప్లై సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ సూదులు నిజం సూదులనీ, వాటికి దారం ఎక్కించిన మనిషి అదే హాల్లో కూర్చున్నాడనీ ఇద్దరికే తెలుసు. నాకు, ఆవిడకి. రాజారత్నం గారు కూడా అందరితో పాటు గ్లాసెత్తారు. ఎవరి కోసం తాగుతున్నారో తెలీకుండా ఒక్క గుక్కలో తాగి, గ్లాసు కుర్చీ కింద జాగ్రత్తగా పెట్టుకున్నారు. నేను స్టేజి మీద నుంచి చూశాను. చూసి, మళ్లీ చప్పట్ల వైపు తిరిగాను.

ఆ వాక్యం నాకు పేరు తెచ్చింది. స్కూలు పత్రికలో నా ఫోటో కింద వేశారు. ఆ తర్వాత మండపేటలో, రాజమండ్రిలో ఎవరి సన్మానమైనా వ్యాఖ్యానానికి నన్నే పిలిచేవారు. పిలిచిన చోటల్లా, "ఆ సూది మాట చెప్పండి మేడమ్" అని అడిగేవారు. చెప్పాను. డాక్టరుగారి సన్మానంలో చెప్పాను, మిల్లు ఓనరుగారి షష్టిపూర్తిలో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చప్పట్లు వచ్చాయి. చెప్పిన ప్రతిసారీ ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు.

రాజారత్నం గారు ఆ ఏడాదే పోయారు. సభ జరిగిన నాలుగు నెలలకి. మిల్లులో పనిచేస్తూ గుండె పట్టుకుని కూర్చుండిపోయారట. జ్ఞాపకార్థ కూడికకి వెళ్లాను. ప్రార్థన అయి, జనం పల్చబడ్డాక ఆవిడ నన్ను లోపలి గదిలోకి పిలిచింది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. మర్చిపోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

"ఆ రోజు రాత్రి ఆయన అడిగారండీ. మీ ఇంగ్లీషు టీచరు గారు ఏమన్నారు, అందరూ అంతలా చప్పట్లు కొట్టారు అని."

"మీరేం చెప్పారండీ?" అన్నాను.

"ఏదో సూది గురించిలెండి అన్నాను. అంతే."

"అంతేనా? ఆయన గురించే అన్నానని చెప్పలేదా?"

"ఎలా చెప్పమంటారండీ?" ఆవిడ నవ్వబోయింది, ఏడుపొచ్చేసింది. "ఇంట్లో చెప్పగలిగిందాన్నయితే మీ దగ్గర ఇంగ్లీషు ఎందుకు నేర్చుకుంటానండీ?"

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "హెచ్చెమ్ గారు వద్దన్నా, నా మాట పోనివ్వకుండా మీరు మీ నోటితో చెప్పారు. అందరి చేతా ఆయన కోసం గ్లాసులెత్తించారు. ఆయనకి తెలీకపోతేనేం, నాకు తెలుసు. దేవుడికి తెలుసు. నా తోబుట్టువైనా అంత చెయ్యదు. థాంక్యూ అండీ."

అప్పుడు చెప్పాల్సింది. ఆ గదిలో, ఆ నిమిషంలో. కాదండీ, నేను మీ మాట దొంగిలించాను, నా వల్లే ఆయన వినకుండా పోయారు అని. దానికి బదులు నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "నో మెన్షన్ అండీ." ఎవరు థాంక్యూ అన్నా వెంటనే వచ్చేసే ఆ మాట, బుద్ధి లేకుండా, దానంతటదే వచ్చేసింది. ఆవిడ నా చేతులు కళ్లకద్దుకుంది.

అందుకే ముందే చెప్పాను, అది నాకు రావలసింది కాదని. మాట దొంగతనం ఒక తప్పు. దాన్ని మేలనుకుని ఆవిడ థాంక్స్ చెబితే చెయ్యి చాచి పుచ్చుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. మొదటిది తొందరలో చేశాననుకుందాం. రెండోది?

ఎందుకు చేశానని చాలాసార్లు నన్ను నేను నిలదీసుకున్నాను. మొదట్లో ఒక సాకు దొరికింది. ఆవిడ ఉచ్చారణ విని కుర్ర టీచర్లు నవ్వుతారని, ఆవిడ పరువు కాపాడటానికే ఆపానని. అది అబద్ధమని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు, ముందురోజు కుట్టుగదిలో విన్నప్పుడు నేను నవ్వలేదు కదా. తర్వాత, పేరు కోసం చేశానులే అనుకున్నాను. అది నిజమే కానీ పూర్తిగా నిజం కాదు. పేరు మీద ఆశ నాకు మామూలే, దానికోసం అంతకుముందు ఎవరి నోరూ నొక్కలేదు. చాలా ఏళ్లకి తెలిసింది. నాకు ఆవిడ ఇంగ్లీషు మీద కాదు అసూయ, ఆ సబ్బుపెట్టె మీద. నాకోసం అలా కూర్చుని ఎవరు సూదులు ఎక్కించారు, అనిపించింది. ఆ కడుపుమంటతోనే చేశాను.

ఇంకో సంగతి చెప్పనా? ఆ సాయంత్రం సభ నుంచి బస్సు దిగేసరికి మా ఆయన ఎప్పటిలాగే బస్టాండులో స్కూటర్ మీద కూర్చుని ఉన్నారు. పెళ్లయినప్పటి నుంచీ అంతే. బస్సు ఆలస్యమైతే గంటైనా, గంటన్నరైనా. నేను ఎక్కి కూర్చోవడం తప్ప ఎప్పుడూ ఆ మనిషి మొహం కూడా చూసింది లేదు. ఇది నా మట్టిబుర్రకి తట్టడానికి మరో రెండేళ్లు పట్టింది. తట్టిన రోజు స్కూటర్ ఎక్కుతూ, "థాంక్సండీ" అన్నాను. ఆయన బండి ఆపి వెనక్కి తిరిగి, "ఏంటి, ఒంట్లో బాగోలేదా?" అన్నారు. నేను నవ్వాను. ఇంటికి చేరేదాకా ఆయన వీపు చాటున ఏడ్చాను.

ఈ నెలాఖరుకి నేను రిటైరవుతున్నాను. ఇప్పుడున్న హెచ్చెమ్ కుర్రమ్మాయి, మా పాత స్టూడెంటే. నాకు టోస్ట్ ఎవరు చెప్పాలా అని ఆలోచించి, నాకు చెప్పకుండానే కరుణమ్మ గారిని అడిగింది. పోయిన ఆదివారం చర్చి నుంచి రాగానే కరుణమ్మ గారు నాకు ఫోన్ చేశారు. గొంతులో ఎంత సంతోషమో! "ఈసారి టోస్ట్ నాదేనండీ. ఆ రోజు మీరు నాకు చేసింది అందరికీ చెప్తాను. ఇంగ్లీషులోనే చెప్తాను, మా మనవరాలు రాసిస్తోంది" అన్నారు. నేను ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చుండిపోయాను. ఆవిడ ఆ స్టేజి ఎక్కి, నా దొంగతనానికి నాకే గ్లాసులెత్తించబోతోంది. వద్దని ఏ వంకైనా చెప్పొచ్చు. కాళ్లు నొప్పులనో, ఆచారం తీసేశామనో. వంకలు నాకు బాగా వచ్చు కదా.

సోమవారం స్కూలవగానే ఆవిడ ఇంటికి వెళ్లాను. చర్చి వెనక వీధి. వసారాలో కూర్చుని బియ్యం చేటలో చేత్తో తడిమి రాళ్లు ఏరుతున్నారు. నన్ను గొంతుతోనే గుర్తుపట్టారు. కాఫీ పెడతానని లేవబోతే వద్దని కూర్చోబెట్టాను. కూర్చుంటే చెప్పలేనేమోనని నేను నిలబడే ఉన్నాను.

"కరుణమ్మ గారూ, ఆ రోజు రిప్లై వద్దని హెచ్చెమ్ గారు అనలేదండీ. నేను ఆయన్ని అడగనే లేదు. మీ మాట మీరు చెబితే నా మాట ఎవరూ వినరని నేనే ఆపేశాను. ఆపి, మీ మాటే నా మాటగా చెప్పుకున్నాను" అన్నాను. ఇన్నేళ్లు మోసింది రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఆవిడ చెయ్యి బియ్యంలో అలాగే ఉండిపోయింది. వీధిలో ఎవరిదో బండి వెళ్లింది. చివరికి, నాతో కాకుండా ఎవరితోనో అన్నట్టు మెల్లగా అన్నారు. "ఆయన ఆ రోజు మిల్లుకి సెలవు పెట్టుకుని కొత్త చొక్కా వేసుకొచ్చారండీ. ఏదో మంచిమాట వినబోతున్నారని నేనే చెప్పాను."

క్షమించమని అడగలేదు. అడిగితే ఆవిడ క్షమిస్తుంది. అది ఆవిడ మంచితనం. దాన్ని కూడా పుచ్చుకుని వచ్చేస్తే నేను మళ్లీ అదే మనిషిని. ఆవిడ చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్లిపోయారు. తలుపు వెయ్యలేదు. రమ్మని పిలవనూ లేదు. నేను కాసేపు చూసి మెట్లు దిగి వచ్చేశాను.

సభకి వస్తారో రారో తెలీదు. వస్తే ఏమంటారో తెలీదు. ఏమన్నా కూర్చుని వింటాను. ఇక ఎప్పుడూ ఆవిడ నాకు థాంక్యూ చెప్పరు. ఈ నాలుగు రోజులుగా నాకు అన్నం సయిస్తోంది.